గిటారు లోపలి రెండు చుక్కలు

పళ్ళాసుపత్రి వెనక గది
ఏప్రిల్ 10

మామయ్యకు,

నీ పిడుగు రాస్తున్నది. నీ కొట్లో గోడకు వేలాడేవన్నీ క్షేమమేనా? నీ క్షేమం వేరే అడగను. అవి బాగుంటే నువ్వు బాగున్నట్టే.

ఉద్యోగం బాగానే ఉంది. డాక్టరమ్మ పనిముట్లు ఉడకబెట్టడం, అచ్చుల పిండి కలపడం, పేషెంటు నోట్లో ఉమ్మి లాగే గొట్టం పట్టుకోవడం, "ఇంకొంచెం తెరవండి" అని రోజుకు వందసార్లు అనడం. మూడు నెలలకే నాకు మొహాలు గుర్తుండటం మానేసి పళ్ళు గుర్తుంటున్నాయి. వీధిలో ఎవరైనా పలకరిస్తే, నవ్వేదాకా పోల్చుకోలేకపోతున్నాను.

అసలు సంగతికి వస్తాను. నేను గిటారు నేర్చుకోబోతున్నాను. నవ్వకు. ఇరవైమూడేళ్ళు వచ్చాక ఇదేం వేషం అనకు. ఈ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళంతా నోరు తెరుచుకుని కుర్చీలో పడుకునేవాళ్ళే. ఆదివారం వస్తే నాలుగు గోడలూ నేనూ.

ఇంకో కారణం నీకు చెప్పకపోయినా తెలుస్తుంది. చిన్నప్పుడు నీ కొట్లో అక్క ఏదో ఒక గిటారు ఒళ్ళో పెట్టుకుని వాయిస్తుంటే, నేను చెక్కపొట్టు కుప్పలో కూర్చుని వినేదాన్ని. "నన్ను వెతకొద్దు" అని చీటీ పెట్టి వెళ్ళిపోయి పదకొండేళ్ళయింది. వాయించిన పాట ఒక్కటీ గుర్తులేదు. వేళ్ళు మాత్రం గుర్తున్నాయి. అమ్మ పోయేముందు కూడా "ఉత్తరం ముక్క ఏమైనా వచ్చిందా" అనే అడిగింది.

పోయిన వారం మా దగ్గరికి ఒక గిటారు మాస్టారు వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. విరిగిన ముందు పన్ను మీది తొడుగు వదులైంది. "ఎలా విరిగిందండీ?" అని డాక్టరమ్మ అడిగితే "గిటారు తగిలి" అన్నాడు. అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. పాపం, నోట్లో అద్దం ఉండగానే అతనూ నవ్వాడు. కొత్త తొడుగు తయారై వచ్చేదాకా పాతదాన్నే అతికించి పంపాం. రెండు వీధుల అవతల ఇల్లట. మేడమీద పాఠాలు చెప్తాడు, పాత గిటార్లు అమ్ముతాడు. చూడటానికి రమ్మన్నాడు.

ఇంతకీ మొదటి గిటారు ఎలా ఎంచుకోవాలి? ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. తీరిగ్గా రాయి.

నీ పిడుగు

*

రిపేరు కొట్టు, కిటికీ పక్క బల్ల
ఏప్రిల్ 19

పిడుగమ్మకు, చెవులు పనిచేయని మామయ్య దీవెనలు.

నవ్వలేదు. నవ్వినా నాకే వినపడదు, నీకేం వినపడుతుంది?

మొదటి గిటారును కంటితో కొనకు. అందరూ చేసే తప్పు అదే. మెరుపు చూసి మనసు పారేసుకుంటారు, నెల తిరక్కుండా అది అటకెక్కుతుంది. ముందు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చో. కుడి భుజం పైకి లేస్తే దాని పొట్ట నీకు పెద్దది, వదిలెయ్. నీ చేతులు పిచ్చుక కాళ్ళు కనుక సన్న మెడ ఉన్న చిన్న గిటారు చూడు. స్టీలు తీగలు మొదట్లో వేళ్ళు కోస్తాయి. నైలాన్ తీగలది తీసుకో. ఏడ్చుకుంటూ నేర్చుకునే విద్య నీకు ఒంటబట్టదు, చిన్నప్పుడు ఎక్కాల దగ్గరే చూశాను.

తర్వాత దాన్ని తుపాకిలా ఎత్తి, మెడ వెంట ఒంటికన్నుతో చూడు. విల్లులా వంగి ఉంటే వద్దు. మెడ మీద అడ్డంగా ఉండే మెట్లలో పన్నెండో దాని దగ్గర తీగ ఎంత ఎత్తున ఉందో చూడు. అక్కడ చిటికెనవేలు దూరేంత సందుంటే, నొక్కలేక నీ తల ప్రాణం తోకకొస్తుంది. ప్రతి మెట్టు మీదా ఒక్కొక్క తీగ మీటు. ఎక్కడైనా బుర్రుమంటే అమ్మేవాడు వెయ్యి కారణాలు చెప్తాడు. ఒక్కటీ నమ్మకు.

ఇప్పుడు నేను వినే పద్ధతి చెప్తాను. గడ్డం గిటారు అంచుకు ఆనించి తీగ మీటు. మంచి చెక్కయితే ఆ వణుకు దవడ దాకా వస్తుంది. పగులున్న చెక్క మధ్యలోనే మింగేస్తుంది. నాలుగేళ్ళుగా నేను అలాగే పని చేస్తున్నాను.

చివరగా, మీ డాక్టరమ్మ వాడే పుల్లకున్న గుండ్రటి అద్దం ఉంటుందే, అది పట్టుకెళ్ళు. టార్చి వేసి, గిటారు రంధ్రంలోంచి పైచెక్క అడుగు భాగం చూడు. లోపలి పట్టీలు ఊడాయా, జిగురు కారిందా అన్నీ తెలుస్తాయి. నేను బాగుచేసినవాటిలో అక్కడే పెన్సిలుతో తేదీ ఉంటుంది, పక్కన రెండు చుక్కలు. బయటికి కనపడకూడదు, కానీ ఉండాలి. అదీ నా పంతం. అలాంటిది నీకు దొరికితే మాత్రం ఇంకేం చూడకుండా కళ్ళు మూసుకుని తీసుకో.

మామయ్య

*

పళ్ళాసుపత్రి వెనక గది
మే 21

మామయ్యకు,

నీ ఉత్తరం మడత పెట్టి జేబులో పెట్టుకుని నెలరోజులు ఊరంతా తిరిగాను. పెద్ద బజారులో కొత్తది ఒకటి చూశాను. అద్దంలా మెరుస్తోంది. ఒళ్ళో పెట్టుకుంటే నా భుజం చెవి దాకా వచ్చింది. కొట్టువాడు "అలవాటవుతుందమ్మా" అన్నాడు. దండం పెట్టి వచ్చేశాను. ఇంకొకటి, ఆసుపత్రి పక్కింటావిడది, మెడ వెంట చూస్తే ఊయల కట్టుకోవచ్చు.

మూడోది మాస్టారి గదిలో ఉంది. మామయ్యా, అది నాకోసమే చేసినట్టుంది. చిన్న పొట్ట, సన్న మెడ, నైలాన్ తీగలు. గడ్డం ఆనించి మీటితే నా పళ్ళన్నీ ఒక్కసారి జల్లుమన్నాయి. పైన నల్లరంగు వేశారు గానీ, అంచుల్లో ఎర్రచెక్క తొంగి చూస్తోంది. తల దగ్గర మెడకు వెంట్రుకంత గీత, దాని వెనకాల చింతగింజంత నల్లచెక్క ముక్క పొదిగి ఉంది. అందం కోసమా అది?

"ఇది అమ్మను" అన్నాడు. "నా దగ్గర నేర్చుకున్నన్నాళ్ళు ఇక్కడే ఉంచి వాయించుకో" అన్నాడు. వారానికి రెండు సాయంత్రాలు వెళ్తున్నాను. "ఎవరిదండీ ఇది?" అంటే "మా ఆవిడది. లేదు ఇప్పుడు" అన్నాడు. ఇంకేం అడుగుతాను?

మనిషి మెత్తన. గొంతు ఎత్తడు. కాకపోతే వాయిస్తున్నప్పుడు నా మొహం చూడడు, వేళ్ళు చూస్తాడు. నిన్న ఉన్నట్టుండి "ఈ వేళ్ళు నాకు తెలుసు" అన్నాడు. నేను నవ్వేసి, "నాకు మీ పళ్ళు తెలుసు" అన్నాను. అతను నవ్వలేదు.

అద్దం తీసుకెళ్ళడం మరిచిపోయాను. మిగతావన్నీ నువ్వు చెప్పినట్టే చూశాను. బాగుంది కదూ?

నీ పిడుగు

*

రిపేరు కొట్టు
మే 27

పిడుగుకు,

ఆ గిటారు వద్దు. నల్లచెక్క ముక్క అందం కోసం కాదు, విరిగిన మెడను అతికిన గుర్తు. అలా అతికినవి ఏడాది తిరక్కుండా ఊడతాయి. మీద తీగల బిగువు ఉంటుంది కనుక, ఊడేటప్పుడు మొహాన కొడతాయి.

బజారులో కొత్తది కొనుక్కో. నీ కొలతకు తగ్గది నేనే పంపుతాను, పది రోజులు ఓపిక పట్టు. అప్పటిదాకా పాఠాలు మానెయ్. ఆ గదికి వెళ్ళకు. మంచి గిటారు అమ్ముకోవడం చేతకానివాడు మంచి పాఠం ఏం చెప్తాడు?

అతని విరిగిన పన్ను ఏ పక్కది? రాయి. మరిచిపోకుండా రాయి.

మామయ్య

*

పళ్ళాసుపత్రి వెనక గది
జూన్ 12

మామయ్యకు,

నీ ఉత్తరం చూసి నాకు ఒళ్ళు మండింది, ఆలస్యంగా రాస్తున్నది అందుకే. ఏప్రిల్‌లో రెండు పేజీలు, మేలో అయిదు లైన్లు. ఆ అయిదు లైన్లలో ఒక పన్ను! ఎడమ పక్క పైపన్ను, ముందు రెండింటిలో ఒకటి. సగానికి అడ్డంగా విరిగింది. చాలా? ఇప్పుడు చెప్పు, గిటారు మెడకూ ఆ పన్నుకూ ఏం సంబంధం?

పాఠాలు మానలేదు. మూడు స్వరాలు కలిపి పలికించడం వచ్చింది. వేళ్ళ చివర్లు కాయలు కాశాయి, డాక్టరమ్మ చూసి "ఇక నీకు గ్లవ్స్ అక్కర్లేదు" అంది. నువ్వు పంపుతానన్న గిటారు పదిహేను రోజులైనా రాలేదు. నేనేమీ దెప్పడం లేదు, ఊరికే గుర్తు చేస్తున్నాను.

మాస్టారు మన ఇంటి సంగతులు అడిగాడు. అమ్మ పోయిందనీ, వెనకా ముందూ ఎవరూ లేరనీ, ఉన్నదల్లా ఒక్క మామయ్యేననీ చెప్పాను. "ఏం పని మీ మామయ్యది?" అన్నాడు. తీగల వాయిద్యాలు బాగుచేస్తాడు, పాపం ఇప్పుడు చెవులు వినపడవు అన్నాను. తీగ తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత "చెవులు పోతేనేం, ఉత్తరాలు బాగా రాస్తాడు" అన్నాడు. నేనే ఎప్పుడో చెప్పి ఉంటాను.

ఆ మర్నాటి నుంచి ఇంకా ఆదరంగా ఉంటున్నాడు. నేనుండే గదిలో పగలు కూడా లైటు వేసుకోవాలని తెలుసుగా? మేడ కింద వెనకవైపు ఒక గది ఖాళీగా ఉంది, వచ్చి ఉండమన్నాడు. చూశాను. సున్నం వేసి శుభ్రంగా ఉంది. గోడలు మందం, బయటి చప్పుడు ఒక్కటీ రాదు, సాధన చేసుకోవచ్చు. ఒకటే లోటు, గడియ బయటవైపే ఉంది. లోపల పెట్టిస్తానన్నాడు. ఒకటో తారీకున దిగుతున్నాను.

నువ్వు మెడ ఊడుతుందని భయపెట్టావు గనుక, ఈ శనివారం అద్దం పట్టుకెళ్ళి లోపలంతా చూస్తాను. బాగుంటే ఇక నన్ను ఆపకు.

నీ పిడుగు

*

రిపేరు కొట్టు
జూన్ 17

అమ్మా పిడుగూ,

ఈ ఉత్తరం నీకు అందిన నిమిషం నుంచి ఆ ఇంటి గుమ్మం తొక్కకు. నీ వస్తువులేమైనా అక్కడుంటే వదిలెయ్. పక్క కొట్టు అతనితో ఫోన్ చేయిద్దామని రెండుసార్లు వెళ్ళాను. ఈ మాట మూడోమనిషి నోట పెట్టలేక వెనక్కి వచ్చాను.

మీ అక్క మార్చిలో వెళ్ళిపోయింది, ఆ తర్వాత మనలో ఎవరూ ఆమెను చూడలేదు అని కదా నీకు తెలిసింది? నేను చూశాను. అదే ఏడు నవంబరులో ఒక మధ్యాహ్నం ఈ కొట్టుకు వచ్చింది. చేతిలో మెడ విరిగిన ఎర్రచెక్క గిటారు. మణికట్టు వాచి ఉంది. "ఏమైందే" అంటే, "కట్టుకున్నవాడు కొడుతుంటే చేతికందింది విసిరాను మామయ్యా, దీని మెడా విరిగింది, వాడి పన్నూ విరిగింది" అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. అమ్మకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మొహం చెల్లక.

పైన అటకగదిలో నాలుగు రోజులుంది. మెడ అతికి, నల్లచెక్క పొదిగి, క్లాంపులు బిగించాను. పని ముగిశాక లోపల తేదీ రాయాలి కదా. "నీ చెయ్యి సన్నం, నువ్వు దూర్చి రాయి" అన్నాను. బయల్దేరే ముందు తనే రాసింది.

ఎలా తెలిసిందో, నాలుగో రోజు అతను వచ్చాడు. కాళ్ళ మీద పడ్డాడు, ఏడ్చాడు, ఇంకెప్పుడూ చెయ్యెత్తనని ప్రమాణం చేశాడు. అక్క మనసు కరిగింది. తనే వెళ్తానంది. నేను ఆపలేకపోయాను. రెండు నెలల తర్వాత ఉత్తరం రాస్తే, ఇల్లు ఖాళీ చేశారని తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఏమీ తెలియదు. మీ అమ్మ నా ఎదురుగా కూర్చుని "ఏమైనా తెలిసిందా తమ్ముడూ" అని అడిగినప్పుడల్లా తల అడ్డంగా ఊపాను. తొమ్మిదేళ్ళు ఊపాను.

నువ్వు చింతగింజ అని రాసినప్పుడే అది ఏ గిటారో నాకు తెలిసిపోయింది. అప్పుడే చెప్పాల్సింది. గిటారు మీద పెట్టి మానిపించవచ్చనుకున్నాను. పిరికివాణ్ణి.

ఒప్పుకున్న పని ఒకటి ఉంది, అది ముగించి వచ్చే సోమవారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. అప్పటిదాకా డాక్టరమ్మ ఇంట్లో ఉండు.

మామయ్య

*

డాక్టరమ్మ ఇల్లు
జూన్ 20

మామయ్యగారికి,

మీ ఉత్తరం ఇవాళ పొద్దున్నే వచ్చింది. మీరు చెప్పకముందే ఇక్కడికి వచ్చేశాను.

లోపలిది శనివారమే చూశాను. అయినా మీకు రాయలేదు. మీరు ఎంతవరకు చెప్తారో చూద్దామని ఆగాను.

ఆ రోజు మాస్టారు ముందుగదిలో ఇద్దరు పిల్లలకు పాఠం చెప్తున్నాడు. నేను గోడవైపు తిరిగి కూర్చుని, తీగల సందులోంచి అద్దం దించి టార్చి వేశాను. ముందు రెండు చుక్కలు కనిపించాయి. సంతోషమే వేసింది. మామయ్య చేతిపని నా ఒళ్ళోనే ఉందా అనుకున్నాను. కళ్ళు మూసుకుని తీసుకోమన్నారు కదా. పక్కన తేదీ ఉంది. నవంబరు. అక్క వెళ్ళిపోయిన ఏడు. అద్దంలో అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి, కానీ నాకు పొద్దస్తమానం అద్దంలో చూసే అలవాటే. రాసింది మీరు కాదు. ఆ "న" తలకట్టు అలా సాగదీసేది మన ఇంట్లో అక్క ఒక్కతే.

టార్చి ఆపేశాను. తలెత్తేసరికి మాస్టారు వెనకాల నిలబడి ఉన్నాడు.

"ఏం వెతుకుతున్నావు?"

"పగుళ్ళండీ. మా మామయ్య చూసుకోమన్నాడు."

"దొరికాయా?"

"లేదండీ. గట్టిగానే ఉంది."

నాకు అబద్ధం అంత బాగా వస్తుందని అప్పటిదాకా తెలియదు. మన రక్తంలోనే ఉందేమో. డాక్టరమ్మకు ఒకసారి వాయించి చూపించి తెస్తానండీ అన్నాను. నా వేళ్ళకేసి కాసేపు చూసి, "పట్టుకెళ్ళు. ఒకటో తారీకున దాంతోపాటే వద్దువుగాని" అన్నాడు. గేటు దాకా తనే మోసుకొచ్చి నా చేతికిచ్చాడు. వీధి మలుపు తిరిగేదాకా మామూలుగా నడిచాను. తర్వాత ఆసుపత్రి దాకా పరుగెత్తాను.

డాక్టరమ్మ ఇంకేమీ అడగకుండా నన్నూ గిటారునూ పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్ళింది. అతని పన్ను ఎక్స్‌రే కూడా తెచ్చింది. సోమవారం వాళ్ళు వెళ్ళేసరికి మేడకు తాళం. పిల్లలిద్దరూ మెట్ల మీద కూర్చుని మాస్టారి కోసం ఎదురు చూస్తున్నారట. కొత్త తొడుగు తయారై వచ్చి, అతని పేరు రాసిన డబ్బాలో, మా అలమరలోనే ఉంది. దాని కోసం ఇక రాడు.

కింద గది తలుపు తెరిచి చూపించారు. లోపలివైపు, గడియ ఉండాల్సిన చోట, పాత మేకుల గుంటలు నాలుగున్నాయి. ఆ గదికి ఒకప్పుడు లోపల గడియ ఉండేది. ఎవరో ఊడదీశారు. సున్నం కింద ఏముందో చూడటానికి రేపు గోడలు గీకుతారట. నేను రానని చెప్పాను.

ఇన్‌స్పెక్టరు నన్ను ఒకటే అడిగాడు, మీ అక్కను చివరిసారి చూసింది ఎవరు అని. ఇద్దరు చూశారు. ఒకడు పారిపోయాడు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "ఎలా తెలిసిందో" అని రాశారు. "తనే వెళ్తానంది" అని రాశారు. మీరు ఉత్తరాలు బాగా రాస్తారని అతనికి ఎలా తెలిసిందా అని నేను శనివారం దాకా ఆలోచిస్తూనే ఉన్నాను. నేను ఒక్కరోజూ చెప్పలేదు. ఆ తర్వాత ఆలోచించక్కర్లేకపోయింది. సమాధానం నా ఒళ్ళోనే ఉంది.

తేదీ రాయమని మీరు అక్క చేతికి పెన్సిలిచ్చారు. అక్క ఆ చెయ్యి లోపలే కొంచెం ఎక్కువసేపు ఉంచింది. మీరు అద్దం పెట్టి చూసుకోలేదు. చూసుకునే అవసరం మీకెప్పుడూ రాలేదు, మీ పని మీద మీకంత నమ్మకం. రెండు చుక్కల కింద, చూడకుండా రాసింది గనుక వంకరటింకరగా, ఇంకో మాట ఉంది. అందులో ఒక్క అక్షరం నేను మార్చలేదు:

"మామయ్యే ఉత్తరం రాసి వాణ్ణి పిలిపించాడు. నాకు వెళ్ళాలని లేదు."

ఊడుతుందని మీరు రాసిన మెడ ఊడలేదు. పదకొండేళ్ళయినా వెంట్రుకవాసి కదల్లేదు. ఆ గిటారు ఇప్పుడు స్టేషన్‌లో బల్ల మీద ఉంది, తీగలు విప్పేశారు. ఇన్‌స్పెక్టరు అద్దంలో చూసి ఆ రెండు వాక్యాలు కాగితం మీద ఎక్కించుకున్నాడు. రాసింది ఎవరు అన్నాడు, మా అక్క అన్నాను. ఈ మామయ్య ఎవరు అన్నాడు.

నేను ఇంకా చెప్పలేదు. సోమవారం బస్సు దిగి నా దగ్గరికి రాకండి. నేరుగా స్టేషన్‌కు వెళ్ళి, మీరే చెప్పండి.

అక్క చెల్లెలు